బాల్కనీ లేని ఇల్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ అయిపోగానే రూములు ఖాళీ చేసి పోయే చదువుకున్నవాళ్లారా, మిమ్మల్నే అడుగుతున్నాను. చాప, బకెట్, పాత నోట్సు అన్నీ మూటగడతారు. రెండేళ్లు ఒళ్లో పెట్టుకుని పెంచిన పిల్లిని మాత్రం మెట్ల కింద వదిలేసి బస్సెక్కుతారు. సిగ్గు లేదా? ఇంటి ఓనర్లూ తక్కువేం కాదు. ఎలుకలున్న రూముకి కిరాయి తీసుకుంటారు, పిల్లి ఉందంటే తలుపేసుకుంటారు. మీ అందరి పాపం ఎల్బీనగర్‌లో ఒక అద్దె ఇంట్లో ముప్పై ఏడు పిల్లులై కూర్చుంది.

ఆ పిల్లుల షెల్టర్ నడిపేది సంధ్యారాణి మేడం, రిటైరైన టీచర్. నా పేరు తిరుపతి, ఏసీ మెకానిక్‌ని. ఆదివారాలు అక్కడ చాకిరీ చేస్తాను. సేవ అనకండి. కొత్తపేటలో నా రూములో ఆరు రోజులు నా తాళం చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు. ఏడో రోజైనా ఎక్కడికో పోవాలి కదా.

ఎవరైనా పిల్లిని అడిగితే ముందు వాళ్ల ఇల్లు నేను చూసి రావాలి. ఓనర్ ఒప్పుకున్నాడా, బాల్కనీకి వల ఉందా, చూసి ఫారం నింపాలి. నేను వద్దని రాస్తే మేడం ఇవ్వరు.

మృదుల భీమవరం నుంచి బ్యాంకు కోచింగ్‌కి వచ్చిన అమ్మాయి. షెల్టర్‌కి వచ్చిన మొదటి రోజే గొడవ. పాల ప్యాకెట్ తెచ్చి గిన్నెలో పోస్తుంటే లాక్కున్నాను, పాలు పిల్లుల కడుపుకి పడవన్నాను. పాలు తాగకపోతే అది పిల్లెలా అవుతుందని గంటసేపు వాదించింది. మరుసటి ఆదివారం ఉడికించిన చేప తెచ్చింది, ముళ్లు తీసి మరీ. సారీ మాత్రం చెప్పలేదు.

తను వచ్చేది మిరియం కోసం. ఒంటికన్ను నల్లపిల్లి. దాన్ని ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చునేది. పోయేటప్పుడు చున్నీ నిండా నల్ల వెంట్రుకలు. గేటు దగ్గర ఆగి, "తిన్నారా?" అని అడిగేది. వారం మొత్తంలో నన్ను ఆ మాట అడిగే మనిషి తనొక్కతే.

అప్పుడు ఎవరి ద్వారానో విని మిరియాన్ని అడుగుతూ కొత్తపేట నుంచి అండాలమ్మ ఫోన్ చేసింది. పోయి చూశాను. ఒంటరి ముసలావిడ, టీవీతో మాట్లాడుతోంది. పిల్లి పడుకోవడానికని బుట్టలో పాత నూలు చీర మడతపెట్టి ఉంచింది. నాకు చాయ్ ఇచ్చి, లేవబోయిన ప్రతిసారీ కూర్చోబెట్టింది. అంత మంచి ఇల్లు నేను చూడలేదు. బయటికొచ్చి ఫారంలో రాశాను: బాల్కనీకి వల లేదు, ఇవ్వకూడదు.

ఆవిడ నాలుగు ఆదివారాలు ఫోన్ చేసింది. చూద్దాం అంటూ దాటేశాను.

మొన్న ఆదివారం వాన. రేకుల మీద ఒకటే మోత. ఫారాలు ఫైల్లో సర్దమని మేడం మృదులకు ఇచ్చారు. తను ఒక కాగితం దగ్గర ఆగిపోయింది.

"తిరుపతిగారూ, గ్రౌండ్ ఫ్లోర్ అని పైన మీరే రాశారు. బాల్కనీ ఎక్కడిదండీ?"

మూడేళ్లుగా వల లేని ఇళ్లన్నిటికీ రాసిన వాక్యమే. చేతికి అలవాటైన ఆ మాటే నా అబద్ధాన్ని పట్టించేసింది.

"మిరియం పోతే మీరు రారు గద," అన్నాను. "గందుకే రాసిన."

"నాకోసం ఒక ముసలావిడని ఒంటరిగా కూర్చోబెట్టారా?"

"మీకోసం గాదు. నాకోసమే. గది గూడ అబద్ధం జెప్ప."

తను మిరియం తల నిమిరింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. హాస్టల్ గదిలో నలుగురుంటారట, ఒకరి ఊరు ఒకరికి తెలియదట. ఎవరూ అడగకూడదనే షెల్టర్ వాట్సాప్ గ్రూపులో మిరియం ఫోటో పెట్టొద్దని మేడాన్ని తనూ బతిమాలిందట. తప్పు మీ ఒక్కరిదే కాదంది.

నేను వాన వైపు చూస్తున్నాను. తను లేచి, పిల్లిని పెట్టే బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"అలా చూస్తారేంటి? ఫోన్ తీయండి. అబద్ధం రాశానని ఆవిడకి మీ నోటితోనే చెప్పండి. మిరియాన్ని ఇవాళే తెస్తున్నామనండి. వచ్చే ఆదివారం కూడా చూడ్డానికి వస్తామనండి, ఇద్దరం. ఊఁ, చెయ్యండి."