సుల్తాను చేతికి ముద్దు

బాతెల్ అనే అమెరికన్ ఊళ్ళో తన పక్కింట్లో ఉండే ముసలాయన గురించి కోటమ్మగారు అన్న మాటలన్నీ చక్రధర్ తల్లి దోసెలు వేస్తూ కొడుక్కి అప్పజెప్పింది.

"నలుగురు కుర్రాళ్ళటరా. ఒక్కడి మొహానా నవ్వుండదట. ఆయన తిని లేచేదాకా గోడకానించిన దుడ్డుకర్రల్లా నిలబడే ఉంటారట. చూస్తే భయమేసిందంది కోటమ్మ వదిన."

చక్రధర్ దోసె సగంలో వదిలేసి లేచాడు. కొడుకు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాడనే ఆవిడ నమ్మకం. అతను ఫెడరల్ ఏజెంట్. ఆ ముసలాయన, స్వదేశం నుంచి పారిపోయి వచ్చిన జనరల్ హమ్దీ, అతని అసైన్‌మెంట్. ఆయుధాలమ్మే విదేశీ ముఠా పేర్లు ఆయన ఇవాళ పదకొండింటికి కోర్టులో చెప్పాలి. అందాకా బతికుండాలి. గవర్నమెంట్ కాపలా మాత్రం వద్దన్నాడు. పసితనంలో కొని, తుపాకీ పట్టించి పెంచిన ఆ నలుగురి మీదే ఆయన గురి.

కారెక్కగానే ఫోన్. రజిని. జనరల్‌గారి దగ్గర సెక్రటరీ; ముఠా మనిషిగా చేరి చక్రధర్‌కి కబుర్లందించే డబుల్ ఏజెంట్.

"బాస్, ఇవాళే. ఇంట్లోవాళ్ళే. ప్లాన్ పేరు బైబర్స్."

"సిగ్నల్?"

"తెలీదు. ఎర్ర కోటేసుకున్నా. బుల్లెట్ తగిలినా మరక కనపడదు."

చక్రధర్ ఎం.ఏ. హిస్టరీ ఊరికే పోలేదు. బైబర్స్: మధ్యయుగాల్లో సంతలో అమ్ముడుపోయి, కత్తి పట్టి ఎదిగిన మమ్లూక్, అంటే బానిస సైనికుడు. యుద్ధం గెలిచి తిరిగొస్తుంటే, ముద్దు పెట్టుకుంటానని సుల్తాను చెయ్యి అందుకున్నాడంటారు. ఆ చెయ్యి కత్తి మీదికి పోకుండా పట్టుకున్నాడు. తోటివాళ్ళు సుల్తానుని నరికేశారు. బానిస సుల్తానయ్యాడు.

పదింటికి ఆకాశం మసిగుడ్డలా ఉంది. తోటపనివాడి వేషంలో చక్రధర్ ఆకులు చిమ్మే బ్లోయర్ పట్టుకుని జనరల్ వాకిట్లో నిలబడ్డాడు. వెనక ట్రక్కులో ఆరుగురు ఏజెంట్లు.

జనరల్ మెట్లు దిగాడు, వెనకే ఎర్ర కోటులో రజిని. నలుగురూ సెల్యూట్ కొట్టారు. అందులో పెద్దవాడు తల్హా ముందుకొచ్చి, వంగి, ఆయన కుడిచెయ్యి అందుకున్నాడు.

మిగతా ముగ్గురి చేతులూ కోట్లలోకి పోయాయి.

బ్లోయర్ గర్జించింది. గొట్టంలో కూరిన గుంటూరు కారం ముగ్గురి కళ్ళలో పడింది. ఒక తుపాకీ గుండు చూరుకి తగిలింది. ఏజెంట్లు దూకారు. అర నిమిషంలో నలుగురూ గడ్డిలో బోర్లా పడున్నారు, చేతులకి బేడీలతో.

జనరల్ తల్హా పక్కన కూలబడి తమ భాషలో ఏదో అడిగాడు. రజిని చక్రధర్‌కి మెల్లగా తెలుగులో చెప్పుకొచ్చింది.

"'తల్హా, నా దగ్గరికొచ్చేనాటికి ఆరేళ్ళవాడివి. నా చేత్తో తినిపించాను. కొడుకులా చూసుకున్నాను. ఎందుకురా?' అంటున్నాడు."

తల్హా మట్టి ఉమ్మి తలెత్తాడు. జవాబు కూడా రజినే చెప్పింది.

"'తల్హా నువ్వు తగిలించిన పేరు. మా అమ్మ పెట్టిన పేరేంటో చెప్పు.'"