అరవై నాలుగు పేజీల షరతులు

ఎమెట్ రౌష్ టిఫిను ముగించి హోటల్ బయటికి వచ్చేసరికి పొద్దున ఏడూ నలభై. తన పికప్ తలుపు మీద చెయ్యి వేశాడు. పక్కన ఆగి ఉన్న తెల్ల వ్యాను అద్దం నాలుగంగుళాలు కిందికి దిగింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. నెబ్రాస్కా గాలి ఆ చప్పుడును మొక్కజొన్న చేల మీదుగా ఎత్తుకుపోయింది. లోపల కాఫీ పోస్తున్న అమ్మాయి తల కూడా ఎత్తలేదు.

చంపినవాళ్లు అతన్ని వ్యానులోకి లాగి జేబులు వెతికారు, బూట్లు విప్పారు, బెల్టు కోశారు. కావలసింది దొరకలేదు. గోరంత మెమరీ కార్డు అది. ముందురోజే మామూలు పోస్టులో వాషింగ్టన్ బయల్దేరింది.

నాలుగో రోజు ఆ కార్డు ఒక గాజు బల్ల మీద ఉంది. ఆ బల్ల ఉన్న శాఖకు బయట బోర్డు లేదు. బల్లకు ఒక పక్క ఛీఫ్ హ్యూ బ్రాంట్లీ, ఇంకో పక్క శాఖ లాయరు ప్రెస్కాట్ డన్, ఎదురుగా ఏజెంట్ గ్రెటా హోల్కమ్. పదహారేళ్ల సర్వీసులో గ్రెటా తొమ్మిది దేశాల్లో పనిచేసింది. కుడిచేతి రెండు వేళ్లు సరిగ్గా వంగవు. వాటి గురించి ఎవరూ అడగరు.

"రౌష్ బెల్ ఫోర్క్ డ్యాములో ఇంజనీరు," అన్నాడు ఛీఫ్. "అక్కడి గేట్ల కంట్రోలర్లు గ్రీన్‌హాలో కంట్రోల్స్ అనే కంపెనీవి. పేరుకు ఇక్కడి కంపెనీ. లోపలున్నది సముద్రం అవతలి ముఠా. రెండేళ్లలో ముగ్గురు ప్రొఫెసర్లకు ఆ కంట్రోలర్ మీద అనుమానమొచ్చి లోపలి కోడ్ విప్పి చూడబోయారు. ముగ్గురికీ నోటీసులు వెళ్లాయి. కోడ్‌కు కాపీరైట్ ఉంది, డిజిటల్ తాళం పగలగొడితే జైలు అని. ముగ్గురూ నోరు మూసుకున్నారు. నాలుగోవాడు రౌష్. మూసుకోలేదు."

"నోటీసు పని చెయ్యని చోట తూటా," అంది గ్రెటా. "కార్డులో ఏముంది?"

ఛీఫ్ డన్ వైపు చూశాడు. డన్ కార్డును ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఎర్రలక్కతో సీలు వేశాడు. ఆ సీలును చూసుకుంటుంటే అతని ముఖంలో ఒక రకమైన వాత్సల్యం కనిపించింది.

"రౌష్ కాపీ చేసిన గ్రీన్‌హాలో కోడ్. అందులో ఏముందో తెలీదు. చదవకూడదు," అన్నాడు డన్. "చట్టంలో మనలాంటి శాఖలకు మినహాయింపు ఉంది, కాదనను. కానీ మన అనుమతి పత్రంలో మూడో గడి ఉంది. ఆ రచనలో ఏముందో అక్కడ రాయాలి."

"చదవకుండా ఎలా రాస్తాం?"

"రాయలేం. అందుకే పత్రం పెండింగ్‌లో ఉంది."

"అంటే, చదవాలంటే పత్రం కావాలి. పత్రం రావాలంటే చదివి ఉండాలి."

"చక్కగా అర్థం చేసుకున్నారు," అని డన్ మెచ్చుకున్నాడు.

"రాసింది హంతకులు, డన్."

"హంతకులకైనా రచయిత హక్కులుంటాయి."

గ్రెటా అతన్ని కాసేపు చూసింది. శత్రువులను అలా చూడడం ఆమెకు అలవాటు. వాళ్లలో చాలామంది ఇంతకన్నా తెలివైనవాళ్లు.

"సరే, అనుమతి వచ్చిందనుకుందాం. చదివేదెవరు?"

"మనవాళ్లెవరూ లేరు," అన్నాడు ఛీఫ్. "ఆ విభాగాన్ని పోయినేడు మూసేశాం. డన్ సలహా మీద. బెల్ ఫోర్క్‌లోనే ఒకాయన ఉన్నాడు, వెర్లిన్ షాఫ్ అని. ట్రాక్టర్ మెకానిక్."

"శిక్షపడ్డ నేరస్థుడు," అన్నాడు డన్.

"ఇంకో విషయం. గ్రీన్‌హాలో లాయరు వివియన్ కార్డేల్ రెండేళ్లుగా మన మనిషి. గేట్ల మీద ఏదో కుట్ర ఉందని, ముహూర్తం శుక్రవారమని చెప్పింది. ఇవాళ సోమవారం. వెళ్లి ముందు ఆమెను కలువు."

ఛీఫ్ లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. "నేను కాసేపు బయటికి చూస్తాను, గ్రెటా. నాకు వీపు మీద కళ్లు లేవు. డన్, ఇలా రా, ఆ చెట్టు పేరేంటో చెప్పు."

డన్ చెట్టు పేరు చెప్పి వెనక్కి తిరిగేసరికి బల్ల మీద సీలు మాత్రమే మిగిలింది.

*

సాయంత్రానికి గ్రెటా బెల్ ఫోర్క్‌లో ఉంది. నెత్తిన విత్తనాల కంపెనీ టోపీ, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్, బూట్లకు ఎండిన పేడ. స్పేర్ పార్టులు అమ్ముకునే మనిషి వేషం. పశువుల వేలం జరిగే షెడ్డు పక్కన కాఫీ హోటల్లో వివియన్ కూర్చుని ఉంది. పాదరసం రంగు సూటు, మెడలో ఒకే ఒక్క ముత్యం. చుట్టూ ఉన్న రైతులు తమ ఎడ్లను మరిచిపోయి ఆమెనే చూస్తున్నారు.

"ఇక్కడ రూబార్బ్ పై బాగుంటుందా?" అంది గ్రెటా. పుల్లటి రూబార్బ్ కాడలు కూరి కాల్చే రొట్టె అది, ఆ ప్రశ్న కోడ్ వాక్యం.

"పులుపు పడని వాళ్లకు కాదు," అంది వివియన్. సరైన జవాబు. ఆమె గొంతు తగ్గించింది. "శుక్రవారం సాయంత్రం. అంతవరకూ డ్యాము దగ్గరికి రాకండి, నా మీద అనుమానమొస్తుంది. రౌష్ ఏదో కాపీ చేశాడంటున్నారు. అది మీకు చేరిందా?"

"లేదు," అంది గ్రెటా.

వివియన్ కళ్లలో ఏదో సడలింది. అయ్యో అన్నట్టు తల ఊపింది. గ్రెటా కాఫీ తాగడం పూర్తి చేసింది కానీ ఆ సడలింపు ఆమెకు నచ్చలేదు.

*

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు వెర్లిన్ షాఫ్ తన షెడ్డులో ఒక పాత పంపును విప్పుతున్నాడు. డెబ్బయ్యేళ్లు దాటిన మనిషి. గ్రెటా అసలు సంగతి చెప్పేసింది. అతను చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"నా కథ తెలుసా అమ్మాయ్? నా ట్రాక్టరు కోతల్లో ఆగిపోయింది. కంపెనీవాడు వారానికి గానీ రానన్నాడు. దాని కోడ్ తాళం నేనే తీసి బాగు చేసుకున్నా. అది తప్పు కాదట. మినహాయింపు ఉందట. మా పక్క చేను వాడిది కూడా ఆగిపోతే, నేను తయారు చేసుకున్న ఆ కేబుల్ వాడికిచ్చా. అది నేరమట."

"అదేంటి?"

"నేనూ జడ్జిని అదే అడిగా. ఎవడి తాళం వాడు పగలగొట్టుకోవచ్చు, సుత్తి మాత్రం ఎవడూ ఎవడికీ ఇవ్వకూడదు అన్నాడు. మూడేళ్లపాటు తాళమున్న ఏ యంత్రాన్నీ ముట్టుకోవద్దని ఆర్డరు. ఇంకా పద్నాలుగు నెలలుంది." చేతిలో గుడ్డ పక్కన పడేశాడు. "రౌష్ నాకు తెలుసు. మంచి పిల్లాడు. ఏదీ, ఆ కార్డు ఇటివ్వు."

పంపుల మధ్య నుంచి ఒక పాత ల్యాప్‌టాప్ బయటికి వచ్చింది. గంటన్నర సేపు వెర్లిన్ ఆ కోడ్ చదివాడు. కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నాడు. పదింపావుకు కుర్చీ వెనక్కి నెట్టాడు.

"మీ శుక్రవారం అబద్ధం. ఇందులో తేదీ ఇవాళ్టిది. పదకొండున్నరకు ఆరు గేట్లూ ఒక్కసారి ఎత్తేస్తుంది. కరెంటు తీసేస్తే ఇంకా ముందే ఎత్తేలా రాశారు వెధవలు."

వానలకు రిజర్వాయరు అంచుదాకా నిండి ఉంది. దిగువన నది ఒడ్డు మైదానంలో కౌంటీ ఫెయిర్ జరుగుతోంది. నాలుగు వేల మంది ఉంటారు.

"మా ఆవిడ ఐడెల్లా అక్కడే ఉంది," అన్నాడు వెర్లిన్. "పచ్చళ్ల పోటీకి వెళ్లింది. ఫోను ఇంట్లో వదిలేసి పోతుంది మహాతల్లి."

గ్రెటా ఛీఫ్‌కు ఫోన్ చేసింది. మైదానం ఖాళీ చేయించమంది. రెండు నిమిషాల తర్వాత తిరిగి ఫోన్ వచ్చింది. లైన్లో డన్ ఉన్నాడు.

"ఖాళీ చేయించే ఉత్తర్వులో సమాచారం ఎక్కడిదో రాయాలి. కాపీ చేసిన రచన అని రాయలేం కదా. వేరే ఆధారం ఏదైనా ఉంటే..."

గ్రెటా ఫోన్ పెట్టేసి తన వ్యాను కీస్ తీసుకుంది. వెర్లిన్ అప్పటికే సీట్లో కూర్చుని ఉన్నాడు.

*

డ్యాము కంట్రోల్ రూములో వివియన్ వాళ్ల కోసమే నిలబడినట్టుంది. అదే ముత్యం. పక్కన మేనేజరు చెమటలు కక్కుతున్నాడు. తలుపు దగ్గర డిప్యూటీ షెరీఫ్ వెంజెల్, చేతిలో కోర్టు కాగితం. వానలకు కోసుకుపోయిన దారి చుట్టి రావడంతో గోడ గడియారం అప్పటికే పదకొండూ పదహారు చూపిస్తోంది.

"వచ్చేశారా," అంది వివియన్. "నిన్న అబద్ధం చెప్పారు గ్రెటా. నేనూ చెప్పాననుకోండి. డిప్యూటీ గారూ, ఆ పెద్దాయన వెర్లిన్ షాఫ్. కోర్టు ఆర్డరు ఉన్న మనిషి. మా కంట్రోలర్ తాళం తీయడానికి వచ్చాడు."

"గేట్లు పదకొండున్నరకు తెరుచుకుంటాయి," అంది గ్రెటా, గుర్తింపు కార్డు చూపిస్తూ. "ఈవిడే తెరిపిస్తోంది. కింద నాలుగు వేల మంది ఉన్నారు."

వెంజెల్ గుర్తింపు కార్డు చూశాడు. కోర్టు కాగితం చూశాడు. కాగితానికి ముద్ర పెద్దది.

"మేడమ్, ఇందులో స్పష్టంగా ఉంది. తాళం తీయబోతే ఎవరినైనా ఆపమని. పెద్దాయనా, ఏమనుకోకు. చేతులిలా ఇవ్వు."

"నీ కారు ఇంజను బాగు చేసింది ఈ చేతులే కదరా," అన్నాడు వెర్లిన్. సంకెళ్లు పడ్డాయి.

గ్రెటా తన చేతి గడియారం పక్కనున్న మీట నొక్కింది. చుట్టుపక్కల ఏ యంత్రానికీ సిగ్నల్ అందకుండా చేసే పరికరం అది, శాఖ ఇచ్చింది. గడియారం ముఖం మీద చిన్న అక్షరాలు వచ్చాయి: లైసెన్సు గడువు తీరింది. ఆమె దాన్ని విప్పి చెత్తబుట్టలో వేసింది.

మేనేజరును ఒప్పించబోయింది. అతను కంపెనీ మాన్యువల్లో అలా లేదన్నాడు. వెంజెల్ పైఅధికారికి రేడియోలో చెప్పింది. ఆయన కాగితం చదివి వినిపించమన్నాడు. వెంజెల్ మొదటి నుంచి చదివాడు. పదకొండూ ఇరవై నాలుగయింది.

"అమ్మాయ్," అన్నాడు వెర్లిన్ నెమ్మదిగా. "ఆ తెర మీద నీ పేరు కొట్టు. కొత్త మనిషి వస్తే అది షరతులు చూపిస్తుంది. ఒప్పుకోనని నొక్కు. ఒప్పుకోని మనిషి చేతిలో అది పని చెయ్యదు. బ్రేకులు బిగించేసుకుని ఎక్కడిదక్కడ పడుంటుంది. పొద్దున చూశా."

వివియన్ ముఖం మొదటిసారి మారింది. "డిప్యూటీ గారూ, అతను ఉపాయం చెబుతున్నాడు. అదీ నేరమే."

"తాళం తీసే ఉపాయం చెబితే నేరం," అన్నాడు వెర్లిన్. "నేను చెప్పేది తాళం వేయించే ఉపాయం."

వెంజెల్ కాగితంలో ఆ మాట కోసం వెతికాడు. దొరకలేదు. అతను వెతుకుతుండగానే గ్రెటా పేరు కొట్టేసింది.

షరతులు వచ్చాయి. అరవై నాలుగు పేజీలు. ఒక్కో పేజీ ఐదు సెకన్లు నిలబడితే గానీ తర్వాతది రావడం లేదు. బటన్లు చివరి పేజీలో ఉన్నాయి. గ్రెటా వంగని వేళ్లతోనే నొక్కుతూ కూర్చుంది. మూడో పేజీ నిర్వచనాలు. పదిహేడో పేజీ: ఈ ఉత్పత్తి వల్ల కలిగే మరణాలకు కంపెనీ బాధ్యత వహించదు. ముప్ఫయ్యో పేజీలో నిర్వచనాలు మళ్లీ మొదలయ్యాయి. కిటికీలోంచి దూరంగా జెయింట్ వీల్ తిరుగుతూ కనిపిస్తోంది. ఆమె నుదుటి చెమట కీబోర్డు మీద పడింది. ఇంతకాలం ఎన్నోసార్లు చావుకు దగ్గరగా వెళ్లింది కానీ, ఇంత నీరసమైన వాక్యాలు చదువుతూ ఎప్పుడూ వెళ్లలేదు.

నలభై ఒకటో పేజీలో వివియన్ హ్యాండ్‌బ్యాగ్ తెరుచుకుంది. పొట్టి పిస్టల్ గ్రెటా చెవి దగ్గరికి వచ్చింది.

"చెయ్యి తియ్యండి."

గ్రెటా తియ్యలేదు. వెర్లిన్ రెండు చేతులూ సంకెళ్లతో సహా ఎత్తి వివియన్ మణికట్టు మీద దించాడు, బిగుసుకుపోయిన నట్టు మీద సుత్తి దించినట్టు. తూటా పైకప్పులోకి పోయింది. పిస్టల్ నేల మీద జారింది. పిస్టల్ మీద కోర్టు ముద్ర లేదు గనక వెంజెల్‌కు అప్పుడు అనుమానమొచ్చింది. అతను వివియన్‌ను గోడకు నొక్కిపట్టాడు.

యాభై. యాభై ఎనిమిది. అరవై నాలుగు. రెండు బటన్లు వెలిగాయి. ‘ఒప్పుకుంటున్నాను’ ఆకుపచ్చగా, అరచెయ్యంత ఉంది. ‘ఒప్పుకోను’ బూడిదరంగులో, చీమంత ఉంది. గ్రెటా చీమను నొక్కింది.

కింద ఎక్కడో ఆరు పెద్ద బ్రేకులు ఒకదాని తర్వాత ఒకటి దబ్బున బిగుసుకున్నాయి. తెర మీద అక్షరాలు వచ్చాయి: మీరు షరతులు అంగీకరించలేదు. ఈ పరికరం పని చేయదు. అసౌకర్యానికి చింతిస్తున్నాం.

గడియారం ముల్లు పదకొండున్నర దాటడానికి ఇంకా నాలుగు సెకన్లు పట్టింది. దాటింది. నీళ్లు ఉన్నచోటే ఉన్నాయి. వెర్లిన్ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. గ్రెటా వెళ్లి అతని పక్కనే నేల మీద కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు జెయింట్ వీల్‌నే చూశారు.

తర్వాత గ్రెటా తల తిప్పి వివియన్‌ను అడిగింది. "ఒక్క సంగతి చెప్పండి. ఆ షరతుల తంతు ముందే పీకేయచ్చు కదా. మీ కోడే కదా."

"ఆ భాగం మాది కాదు," అంది వివియన్ విసుగ్గా. "బయట కొన్నాం. దాన్ని విప్పకూడదు, మార్చకూడదు అని వాళ్ల ఒప్పందంలో ఉంది."

"మీరు పాటించారా?"

"సంతకం చేశాక పాటించక తప్పదు కదా," అంది వివియన్. నాలుగు వేల మందిని ముంచబోయిన మనిషి ఆ మాట నిజాయితీగా అంది.

ముఠా మొత్తం పదకొండు మంది వారంలో దొరికారు. రౌష్ హత్య, విద్రోహం, ఇంకా చాలా అభియోగాలు. శాఖ గ్రెటాకు ఒక మెచ్చుకోలు ఉత్తరం ఇచ్చింది. అందులో మూడు వాక్యాలను డన్ కొట్టేశాడు.

ముఠా కేసు ఇంకా మొదలు కాలేదు. వెర్లిన్ కేసు మాత్రం ముందే వచ్చింది. కోర్టు ఆర్డరు మీరి, కాపీరైట్ ఉన్న కోడ్‌ను అనుమతి లేకుండా ఆ మంగళవారం పొద్దున గంటన్నర సేపు చదివాడని గ్రీన్‌హాలో కంట్రోల్స్ ఫిర్యాదు. సాక్ష్యం చెప్పడానికి గ్రెటా విమానంలో వెళ్లింది. ఐడెల్లా మొదటి వరసలో కూర్చుని, జడ్జి వైపు కళ్లెర్రజేసి చూస్తూ ఉంది.

గంట సేపు ఎదురుచూశాక, ఫిర్యాదుదారుల తరఫున ఎవరూ రాలేదని జడ్జి కేసు వాయిదా వేశాడు. రాకపోవడానికి కారణం గుమస్తా రికార్డులో రాసుకున్నాడు: జైల్లో ఉన్నారు, సెలవు దొరకలేదు.