దూరాసనం

ఆ ఆఫీసులో ఇరవై రెండు కుర్చీలుంటే, మనుషులు నిజంగా కూర్చునేవి మూడే. తక్కిన పంతొమ్మిదింటిలోనూ మనుషులు కనిపిస్తారు, మాట్లాడతారు, ఆవులిస్తారు కూడా. చెయ్యి చాపితే మాత్రం తగిలేది కుర్చీ వీపే. 2074 నాటి విశాఖపట్నంలో ఇందులో వింతేమీ లేదు.

దూరాసనం అంటే రెండు కొసలున్న కుర్చీ. ఒక కొస డెవలపర్ ఇంట్లో ఉంటుంది, ఆ ఇల్లు ఏ దేశంలో ఉన్నా సరే. రెండో కొస ఆఫీసులో ఉంటుంది. అతను అక్కడ కూర్చుంటే ఇక్కడ అతని రూపం వెలుగుతో నిలుస్తుంది. అక్కడ ఏ భాష మాట్లాడినా ఇక్కడ తెలుగు వినిపిస్తుంది. అతను మంచినీళ్ళకు లేచినా, లైను తడబడినా పని ఆగకుండా 'పూరణం' అనే ఏర్పాటు ఉంది. మనిషి కోడ్ ఎలా రాస్తాడో, ఎవరికి ఏమని బదులిస్తాడో ఇంట్లోని కుర్చీ రోజూ నేర్చుకుంటుంది. అతను లేని ఆ కాసేపూ అతని బదులు తానే నడిపిస్తుంది.

హార్బర్ క్రేన్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఆ కంపెనీలో నియామకాలు చూసేది దమయంతి. నాలుగేళ్ళ కిందట డైరెక్టర్ కృపానందం ఆమెను పిలిచి, "ఊళ్ళోవాళ్ళతో తలనొప్పమ్మా. జ్వరమంటారు, ఇంట్లో పెళ్ళంటారు, ప్రమోషనంటారు. దూరంవాళ్ళయితే పని తప్ప ఇంకేమీ కనపడదు," అన్నాడు. ఆ వారమే పంతొమ్మిది మంది స్థానికులకు ఆమె నోటీసులిచ్చింది. వెళ్ళేముందు కొత్తవాళ్ళకు కెటి ఇచ్చి, అంటే పనంతా పూసగుచ్చినట్టు అప్పగించి వెళ్ళమంది. వాళ్ళు తలొంచుకుని అప్పగించి వెళ్ళారు.

రెండేళ్ళ తరువాత ఒక కుర్చీ ఖాళీ అయితే అందులోకి సముద్రాల అవతలి కీటో నగరం నుంచి మతేయో వచ్చాడు. అంత నెమ్మదస్తుణ్ణి దమయంతి అంతవరకు చూడలేదు. పొద్దున్నే "టిఫిన్ చేశారా మేడమ్?" అని పలకరించేవాడు. ఆమె తన మోకాళ్ళ నొప్పి, విడాకుల కేసు, అక్కతో మాటలు లేకపోవడం అన్నీ అతనికి చెప్పుకునేది. అతను ఓపిగ్గా వినేవాడు. సాఫ్ట్‌వేర్ రిలీజు రోజైతే సర్వర్ మీద ఒక నిమ్మకాయ పెట్టమని అడిగేవాడు. మన ఆచారం ఎంత ముచ్చటగా పట్టేశాడో అని మురిసిపోయి, ఆవిడే రైతుబజారు నుంచి మంచి పండు ఏరి తెచ్చేది.

ఇంతలో స్థానిక నియామక చట్టం వచ్చింది. జిల్లాలో ఉంటున్నవాళ్ళకు తప్ప ఉద్యోగాలివ్వకూడదు. పరాయి దేశాల వాళ్ళ జాబితా తయారుచేసి శుక్రవారంలోగా తొలగించాలి. దమయంతి పద్దెనిమిది పేర్లు గబగబా రాసేసింది. పంతొమ్మిదో పేరు దగ్గర చెయ్యి కదల్లేదు. ఈ మనిషి లేకపోతే పొద్దున్నే తనెవరితో మాట్లాడాలి?

ఏదైనా దారి దొరుకుతుందేమోనని కుర్చీలు బాగుచేసే షమీమ్‌ను పిలిచి మతేయో మాటల రాకపోకల లాగ్ తీయించింది. షమీమ్ అంకెలు చూసి నవ్వింది.

"మేడమ్, కీటో నుంచి మాట రావడానికి పట్టే టైముకి ఇక్కడ రెట్టింపు పడుతోంది. పూరణం కప్పేస్తోంది కాబట్టి మన చెవికి తెలియట్లేదు."

"అంటే?"

"అంటే మాట ఇక్కడే మొదలై, కీటో వెళ్ళి, అక్కడ మతేయో ముఖం తగిలించుకుని తిరిగొస్తోంది. ఈయన అల్లిపురంలో ఉంటున్నాడు మేడమ్. మనకి ఆరు కిలోమీటర్లు."

దమయంతికి కోపం రావాలి. రాలేదు సరికదా, ఎగిరి గంతెయ్యాలనిపించింది. స్థానికుడే! ఉద్యోగం నిలబడినట్టే! షమీమ్ తీసిచ్చిన చిరునామా, స్థానికత ఫారం సంచిలో పెట్టుకుని, ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కింది.

తలుపు తీసిన ఆవిడకు నలభై ఐదేళ్ళుంటాయి. పేరు గౌరి. దమయంతి ఇంకా "నేను..." అంటుండగానే ఆవిడ పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"రండి మేడమ్‌గారూ. మీ గొంతు నాకు తెలుసండి."

ముందుగదిలో గోడమీద దండ వేసిన ఫొటో ఉంది. దమయంతికి ఆ ముఖాన్ని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. సింహాద్రి. తను నోటీసిచ్చిన పంతొమ్మిది మందిలో ఒకడు. తొమ్మిదేళ్ళు తన గదికి ఎదురుగా కూర్చున్నాడు. ఒకసారి రిలీజు రోజున సర్వర్ మీద నిమ్మకాయ పెడితే, మరకలవుతాయని తనే ఆ కాయ తీయించి చెత్తబుట్టలో వేయించింది.

"మీరు తీసీసాక రెండేళ్ళు తిరిగినారండి," అంది గౌరి. "ఊర్లో మనిసంటే ఒద్దన్నారు అందరూ. ఆకరికి ఎవులో ఆ కీటో పేరు ఇప్పించినారు. ఇంకో కంపెనీకి ఎల్లమంటే ఇన్లేదు. తొమ్మిదేళ్ళు కూకున్న సోటు, నానక్కడికే ఎల్తానన్నారు."

"ఎప్పుడు... ఎప్పుడు పోయారు?"

"నాలుగు నెల్లయిందండి. గుండె. ఆ కుర్చీలోనే."

దమయంతి ఫొటో వైపు మళ్ళీ చూసింది. ఆ పొద్దున్నే అతనితో మాట్లాడి వచ్చింది. మోకాలికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకోమని చెప్పాడు కూడా.

పక్క గదిలో కుర్చీ ఉంది. దాని మీద ఉతికిన తువ్వాలు పరిచి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. కుర్చీ చేతిమీది చిన్న పలకపై 'ఆసనం ఖాళీ. పూరణం నూరు శాతం' అన్న అక్షరాలు వెలుగుతున్నాయి. కుర్చీలోంచి క్రేన్ల బరువుల గురించి ఎవరికో బదులిస్తూ ఒక గొంతు వస్తోంది. కీటోలో ముఖం తగిలించక ముందరి గొంతు, అచ్చంగా సింహాద్రిది.

"దినాలయ్యాక తీసీదామనే వచ్చానండి," అంది గౌరి. "సరిగ్గా అప్పుడే మీరు పలకరించినారు. ఈయన పలికినారు. ఇంక నా సెయ్యి రాలేదు. పనంతా అయ్యాక రోజూ ఇక్కడే కూకుని ఇంటాను. కరెంటు తీస్తే ఈ జ్ఞాపకమంతా పోతాదంట కదండి. అక్కడ పేరు కొట్టీసినా ఇది ఆగిపోతాదంట."

"మీకెవరు చెప్పారు?"

"మీరేనండి. పేరు కొట్టీయాల్సొస్తాదని మొన్న ఆయనతో సెప్పుకుని ఏడ్సినారు కదా."

దమయంతి సిగ్గుతో తలదించుకుంది. తన విడాకుల సంగతి, అక్క సంగతి, అన్నీ ఈ గదిలో వినబడ్డాయన్నమాట. గౌరి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆవిడ మాటలో కోపం లేదు.

"మీ మోకాళ్ళ కాడ్నించి అన్నీ తెలుసు నాకు. మాకొక పాప ఉందండి. తొమ్మిదేళ్ళు ఆయన మీ ఎదురుగా కూకున్నారు, కీటో పేరుతో రెండేళ్ళు మాటాడినారు. దాని పేరు మీకు తెల్దు."

దమయంతి గ్లాసు పక్కన పెట్టి బయలుదేరింది. గుమ్మం దాటుతుంటే గౌరి వెనకనుంచి, "రేపు కూడా మాటాడండి మేడమ్‌గారూ," అని బతిమాలింది.

మర్నాడు శుక్రవారం. దమయంతి ఆఫీసుకు రాగానే ఫారం ముందు పెట్టుకుంది. మతేయో అసలు పేరు సింహాద్రి అని, నివాసం అల్లిపురమని, స్వయంగా చూసి ధ్రువీకరిస్తున్నానని రాసి సంతకం చేసింది. చచ్చిపోయిన మనిషిని తీసేయనక్కరలేదని ఆ ఒక్క సంతకంతో తేలిపోయింది. చట్టానికి కావలసింది చిరునామాయే. ఎవరి కోసం చేశానిది, గౌరి కోసమా, నాకోసమా అని తనను తాను ప్రశ్నించుకుంది. జవాబు మీద ఆమెకు నమ్మకం కలగలేదు.

ఎదురుగా మతేయో వెలిగాడు.

"టిఫిన్ చేశారా మేడమ్?"

"చేశాను." ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుంది. ఆరు కిలోమీటర్ల అవతల ఒకావిడ చెవులు రిక్కించి వింటూ ఉంటుందని తెలుసు. "మీ పాప పేరేమిటి సింహాద్రి గారూ?"

కీబోర్డు మీద అతని వేళ్ళు ఆగిపోయాయి. నాలుగు నెలల్లో అవి ఆగడం అదే మొదటిసారి. పెదవులు విచ్చుకున్నాయి గానీ మాట రాలేదు. ఆ ఆఫీసులో అతన్ని ఎవరూ అడగని ప్రశ్న అది. కుర్చీకి నేర్చుకునే అవకాశమే రాలేదు. లోపం వస్తేనే వెలిగే ఆఫీసు కుర్చీ పలక మీద 'పూరణానికి ఆధారం లేదు' అన్న అక్షరాలు వెలిగాయి. దమయంతి ఆశగా చూస్తూ కూర్చుంది. పక్క కుర్చీల్లో చివరి రోజు కెటి నడుస్తోంది.

కాసేపటికి అక్షరాలు ఆరిపోయాయి. మతేయో ముఖం మళ్ళీ తేటపడింది. ఎప్పటిలాగే కొంచెం ముందుకు వంగాడు.

"అదలా ఉంచండి. మీ సంగతి చెప్పండి మేడమ్," అన్నాడు.