చిక్కటి ఆయిల్ పోయించిన రోజు

రోహిణి కార్తె మొదలై అప్పటికి మూడు రోజులు. పొద్దున్న ఎనిమిదైనా కాలేదు, విజయవాడ ఆటోనగర్లో రేకుల షెడ్లన్నీ అప్పుడే పెనాల్లా కాగుతున్నాయి. ఏసుపాదం మెకానిక్ షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని నాగదుర్గ రాత్రి విన్న ఒకే ఒక్క మాటని మళ్ళీ మళ్ళీ నెమరేసుకుంటోంది.

"రేపు చీరల లోడేసుకుని మద్రాసు పోతున్నా. నువ్వూ వస్తావా?"

పెళ్ళయిన మూడు నెలల్లో గణేష్ ఆమెని 'వస్తావా' అని అడగడం అదే మొదలు.

గణేష్ పెడన మగ్గాల మీద చీరలు కొని ఊళ్ళూళ్ళూ తిరిగి షాపులకి వేసే మనిషి. నాగదుర్గ వాళ్ళ నాన్న దగ్గరికీ వచ్చేవాడు. అతను చీర మడత విప్పి వేళ్ళతో నిమిరి చూస్తుంటే, మగ్గం గుంటలో కూర్చున్న ఆమె కాళ్ళు నెయ్యడం మర్చిపోయేవి. అతనికి అప్పటికే పెళ్ళయింది. భార్య పేరు మనోజ్ఞ. నిరుడు ఇవే రోజుల్లో మనోజ్ఞ వడదెబ్బ తగిలి దారిలోనే పోయింది. తర్వాత పెద్దవాళ్ళు రెండో సంబంధం మాటెత్తితే, ఆ మాట పూర్తవకుండానే నాగదుర్గ తలూపేసింది. పటమటలో ఇల్లు, బీరువా తాళాలు, పుట్టింటికెళ్తే చేతిలో పళ్ళూ పూలూ, అన్నీ ఇచ్చాడు గణేష్. చూపొక్కటే ఇవ్వలేదు. అతని కళ్ళు ఆమె మీద పడి, అద్దం మీద నీళ్ళలా జారిపోయేవి.

అందుకే ఆ 'వస్తావా'కి రాత్రంతా ఆమెకి నిద్ర లేదు.

"నేను పొయ్యను గాక పొయ్యను," అంటున్నాడు ఏసుపాదం, కారు బానెట్ మీద చెయ్యేసి. "ఈ బండికి పల్చటి ఆయిలేనయ్యా పొయ్యాల్సింది. ఫైవ్ థర్టీ గ్రేడు. బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. లాంగ్ పోయేటప్పుడు మరీనూ. నువ్వడిగేది పాత లారీలకి పోసే ట్వంటీ ఫిఫ్టీ. ఇది ఇంజనా, గారెలొండే మూకుడా, ఏదో ఒకటి పోసెయ్యడానికి?"

"ఎండలు మండుతున్నాయి బాబాయ్. చిక్కటిదే పొయ్యి."

"ఎండకి మరీ నీళ్ళైపోద్దనేగా నీ భయం? దీంట్లో ఆయిల్ పారే దార్లు వెంట్రుకల్లా ఉంటయ్యయ్యా. నీ చిక్కటిది పైకెక్కేలోపు పైనంతా ఎండిపోయి రాసుకుంటది. లోడు, ఏసీ, నాలుగొందల కిలోమీటర్లు..."

"పొయ్యమన్నానా."

అరవలేదు గణేష్. మెల్లిగానే అన్నాడు. అయినా ఏసుపాదం బానెట్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. గణేష్ ఆయిల్ డబ్బా తేవడానికి పక్క షాపుకి వెళ్ళాడు.

ఏసుపాదం చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నాగదుర్గ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, నీకు తెలుసో తెలీదో. నిరుడూ ఇదే తంతు. పల్చటి ఆయిల్ డబ్బా మూత తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసి, 'ఇది నిలవదు బాబాయ్' అన్నాడు. పడుగుకి గంజి పెట్టేటప్పుడు చూస్తారే మీ వాళ్ళు, అట్టా. గంజి చిక్కగా ఉంటే దారం తెగదు, ఆయిలూ అంతేననుకున్నాడు పిచ్చోడు. చిక్కటిది పోయించుకుపోయాడు. పులిగడ్డ వంతెన నడిమధ్యలో ఇంజన్ పట్టేసింది. మిట్టమధ్యాహ్నం. ఈడు బానెట్ ఎత్తి లోపలికి చూస్తా ఉండిపోయాడు. ఆ పిల్ల మనోజ్ఞ ఖాళీ సీసా పట్టుకుని నీళ్ళకోసం నడిచింది. తిరిగి రాలా."

నాగదుర్గ కుర్చీ అంచుకి జరిగింది. "మరి మళ్ళీ అదే ఆయిల్... మర్చిపోయారేమో బాబాయ్."

"మర్చిపోవడమా! ఆ ఇంజన్ విప్పి కట్టింది నేనే. అరిగిన ముక్కలు గోనెసంచిలో పోసిస్తే ఇంటికి మోసుకుపోయాడు. మర్చిపోయేవాడు కాదమ్మా. మద్రాసుకి గుంటూరు మీద పోక, ఆ వంతెన మీద నుంచి ఎందుకు పోతన్నాడో కాస్త అడుగు."

నాగదుర్గ అడగలేదు. అడిగితే ఆ 'వస్తావా' వెనక్కి తీసుకుంటాడేమోనని భయం. గరాటులోంచి ఆయిల్ తేనెలా సాగుతూ, బద్ధకంగా ఇంజన్లోకి దిగుతుంటే చూస్తూ కూర్చుంది.

పెడనలో చీరల మూటలు వెనకసీటు నిండా సర్దేసరికి పదిన్నర దాటింది. బందరు దాటి చల్లపల్లి వైపు తిరిగాక, గణేష్ ఉన్నట్టుండి బండి ఆపి తాటిముంజలు కొన్నాడు. తొక్క ఒలిచి ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. చల్లగా ఉంది. నీళ్ళు ముంజేతి మీదుగా కారాయి.

"బాగుందా?"

"మీరు తినరా?"

"నువ్వు తిను. ఎండగా ఉంది."

అంతే మాట్లాడుకున్నారు. అంతకే నాగదుర్గ గుండె నిండిపోయింది. కాలవలు కట్టేసి నెల దాటింది. పొలాలు నోళ్ళు తెరిచి ఉన్నాయి. అయినా ఆమెకి లోకమంతా పచ్చగానే కనిపించింది. కొత్త చీరల గంజి వాసన, అతని చొక్కా మీది ఇస్త్రీ వాసన కలిసిపోయి, పెళ్ళంటే ఇదే కాబోలు అనిపించింది. ఇంజన్ మాత్రం బరువుగా మూలుగుతోంది. పీల్చుకోలేని ఊపిరిని పీల్చుకోబోతున్నట్టు... ఆగి ఆగి.

పులిగడ్డ దాటి వంతెన ఎక్కారు.

కృష్ణ లేదు. ఇసుకే ఉంది. తెల్లగా, కళ్ళలో గుచ్చుకునేటంత తెల్లగా, రెండు పక్కలా ఇసుక. వంతెన అటు చివర ఎక్కడుందో తెలీడం లేదు. దూరాన తారురోడ్డు మీద నీళ్ళు నిలిచినట్టు ఎండమావులు ఆడుతున్నాయి. ముందూ వెనకా ఒక్క బండి లేదు.

డాష్‌బోర్డు మీద ఆయిల్ బొమ్మ ఎర్రగా వెలిగింది.

"ఏవండీ... ఎర్రలైటు."

"తెలుసు."

అతను కాలు తియ్యలేదు. ఇంకా తొక్కాడు. బానెట్ కింద ఎవరో పళ్ళు కొరికిన చప్పుడు. మాడిన నూనె కమురు. బండి ఒక్కసారి వణికి, నడిచి, నడిచి... ఆగిపోయింది.

ఏసీ ఆగింది. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. గాడ్పు వచ్చి బండిని మెల్లిగా ఊపి వెళ్ళింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

గణేష్ దిగలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని రోడ్డునే చూస్తున్నాడు.

"దిగి చూడరా?"

"ఉహూఁ. నిరుడు చూశాను. గంటసేపు ఇంజన్లోకే చూశాను. వెళ్ళొస్తానని తను నాతో చెప్పిందో లేదో కూడా వినలేదు. ఈసారి రోడ్డే చూస్తా."

నాగదుర్గకి ముంజల తీపి నోట్లోనే చేదైంది. "కావాలనే... ఆ ఆయిల్?"

"నాలుగుసార్లు వచ్చా, ఒక్కణ్ణే. ఇక్కడే బండాపుకుని కూర్చున్నా. తను రాలేదు." అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "అన్నీ అప్పట్లానే ఉండాలేమో. ఆయిలూ అదే. ఆ సీట్లో ఒక మనిషీ."

ఆ సీట్లో ఒక మనిషి. అంటే తను... అంతే. నాగదుర్గ ఏడవలేదు. ఏడిస్తే అతని చూపు చెదురుతుందని, అతను ఎదురుచూసేది చెడిపోతుందని, ఆ క్షణంలో కూడా అతని కోసమే ఆలోచించింది. పెడనలో కొన్న మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

పన్నెండు దాటింది. సూర్యుడు సరిగ్గా నెత్తి మీదున్నాడు. వంతెన స్తంభాలకి నీడ లేదు. దేనికీ నీడ లేదు.

అప్పుడు వినపడింది.

చప్...

కరిగిన తారుకి చెప్పు అంటుకుని, ఊడి వచ్చిన చప్పుడు.

చప్... చప్...

ముందు నుంచి కాదు. వెనక నుంచి. ఓపిక లేని నడక. రెండడుగులు... ఆగడం. మళ్ళీ ఒకటి. గణేష్ ముందుకే చూస్తున్నాడు, రెప్ప కూడా వెయ్యకుండా. అతనికి వినపడటం లేదు. ఇంత ఎదురుచూసిన మనిషికి వినపడటం లేదు!

నాగదుర్గ కళ్ళు తిప్పి బయటి అద్దంలోకి చూసింది. నేత చీర అంచు. దుమ్ము కొట్టుకున్న పాదాలు. అంతే కనిపించింది. పైన ఎండ మాత్రమే ఉంది, గాలిలా ఆడుతూ.

చప్.

ఆమె కిటికీ పక్కన ఆగింది.

అద్దం మీద ఐదు వేళ్ళు ఆనాయి. బయటి నుంచి. వేళ్ళు నల్లగా, ఎండిన చింతకాయల్లా... కానీ ఆ మాట మాత్రం చెవి పక్కనే, ఎంతో మెత్తగా.

"చెల్లీ... కాసిని నీళ్ళు..."

నాగదుర్గ ఒళ్ళో సీసా ఉంది. నిండా ఉంది. అద్దం దించి చెయ్యి చాపితే చాలు.

సరిగ్గా అప్పుడే గణేష్ ఆమె వైపు తిరిగాడు.

"నీకేమన్నా వినపడిందా? ఎవరన్నా వస్తున్నారా?"

అతని కళ్ళు ఆమె కళ్ళలోకి సూటిగా, జారకుండా చూస్తున్నాయి. ఎన్నాళ్ళ నుంచో కోరుకున్న చూపు. ఎంత ఆశ ఉంది అందులో! ఆ ఆశ తన కోసం కాదని ఆమెకి తెలుసు. వచ్చిందని చెబితే అతను తలుపు తీసుకుని దిగుతాడు. ఆ పాదాల వెంట నడుస్తాడు. ఎండమావుల్లోకి... ఇక తిరిగి రాడు.

"చెల్లీ... గుక్కెడు..."

"లేదండీ," అంది నాగదుర్గ. "ఎవరూ లేరు."

బయట ఒక నిట్టూర్పు. కోపం లేదు అందులో. దాహమే ఉంది. అద్దం మీది వేళ్ళు ఒక్కొక్కటిగా లేచాయి.

చప్... చప్... ఆ చప్పుడు బండి వెనక వైపుకి వెళ్ళింది.

ఆగింది.

గణేష్ స్టీరింగ్ మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాగదుర్గ అతని వీపు మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక, చేతిని ఒళ్ళో పెట్టుకుంది. పాపం చేశానా అనుకుంది. దప్పికతో వచ్చిన ఆడమనిషికి గుక్కెడు నీళ్ళివ్వలేదు. మొగుడి కోసం... దేవుడా, నా మొగుడి కోసం.

ఎంతసేపటికో అతను తలెత్తాడు. మొహం తుడుచుకున్నాడు.

"రాదు. ఇంక రాదులే."

"ఒకసారి తాళం తిప్పి చూడండి," అంది ఆమె. ఆ చోటు నుంచి బయటపడితే చాలు.

తిప్పాడు. ఇంజన్ ఒక్క మూలుగు లేకుండా అందుకుంది. షోరూము నుంచి ఇప్పుడే తెచ్చినట్టు నున్నగా నడుస్తోంది. ఎర్రలైటు లేదు. కమురు లేదు. ఏసీలోంచి చల్లగాలి మొహానికి కొట్టింది. గణేష్ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపడే ఓపిక కూడా లేనట్టున్నాడు.

వంతెన దిగి పెనుమూడి దాటాక, దారికి రెండు వైపులా చెట్ల నీడ వచ్చాక, అతను మాట్లాడాడు. ముందుకే చూస్తూ, మెల్లిగా.

"నీకు అన్యాయం చేశాను. తెలిసే చేశాను. రేపల్లెలో ఏదో ఒక షెడ్డు చూసి ఈ ఆయిల్ తీయించేద్దాం. పల్చటిదే పోయించుకుందాం. ఈ దారిన మళ్ళీ రాను. నన్ను కాస్త ఓర్చుకుంటే... నీతో సరిగ్గా బతుకుతా."

నాగదుర్గ కళ్ళల్లోంచి నీళ్ళు దూకాయి. మూడు నెలల నుంచి, కాదు, అంతకుముందు నుంచి, మగ్గం గుంటలో కూర్చున్న రోజుల నుంచి ఎదురుచూసిన మాట. బదులు చెబుదామని నోరు తెరిచింది. గొంతు రాలేదు. ఎండలో ఆరిపోయింది కాబోలనుకుని సీసా మూత తిప్పి నాలుగు గుక్కలు తాగింది. నీళ్ళు నాలుక మీదే ఇంకిపోయాయి, గొంతు దాకా దిగలేదు. ఇంకా తాగింది. సీసా మొత్తం తాగేసింది. నాలుక ఇంకా బెరడులా పిడచగట్టుకునే ఉంది. లోపల కాలుతోంది. ఏవండీ అనబోతే ఊపిరి మాత్రం వచ్చింది, వేడిగా, చప్పుడు లేకుండా.

గణేష్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు. ఎంత ప్రేమగా అడిగాడో.

"నాగా... దాహం తీరిందా?"

"తీరిందండీ."

ఆ గొంతు నాగదుర్గదే. అచ్చం ఆమెదే. కానీ వచ్చింది వెనక నుంచి... చీరల మూటల మధ్య నుంచి.

గణేష్ పెదాల మీద చిన్న నవ్వు విచ్చుకుంది. అతని ఎడంచెయ్యి గేరు మీద నుంచి లేచింది. పక్కన కూర్చున్న నాగదుర్గ వైపు రాలేదు. రెండు సీట్ల మధ్య నుంచి వెనక్కి వెళ్ళింది. అక్కడ ఆగింది. అతని వేళ్ళు మెల్లగా, ఆప్యాయంగా, దేన్నో చుట్టుకుని మూసుకున్నాయి.