పడవ నూనె పూసిన గిటార్

“అది కొనొద్దు బ్రదర్.”

జెర్రీ చేతిలో ఎర్రటి బాస్ గిటార్ ఉంది. భుజాన బెల్టు ఉంది. ముఖాన పెళ్ళికొడుకు కళ ఉంది. ఈ మూడింటినీ ఒక్క మాటతో దించేసింది ఎవరా అని వెనక్కి తిరిగాడు. ఎవరో తెలిసే తిరిగాడు.

జాయ్. అక్కుపల్లి బాప్టిస్టు సంఘంలో పాటలు నేర్పే తిమోతి మేష్టారి కూతురు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు పని. సంఘంలో కుర్రాళ్ళందరినీ బ్రదర్ అనే పిలవాలని నియమం. ఆ మాట వేరే ఎవరు అన్నా జెర్రీకి పట్టదు. ఈమె అంటేనే ఎక్కడో గుచ్చుకుంటుంది.

2003 అక్టోబరు. కాశీబుగ్గ బజారులో పాత మైకులూ గిటార్లూ అమ్మే కొట్టు. వచ్చే శనివారం టెక్కలిలో యవ్వనస్థుల కూడిక, పాటల పోటీ. నిరుడు అదే పోటీలో, పాటకు కింది స్వరం ఇచ్చే బాస్ గిటార్, అద్దెకు తెచ్చినది, రెండో చరణంలో గురకపెట్టి ఆగిపోయింది. వాయించినవాడు జెర్రీ. “గోడలు బాగా లేపారు. నేల వెయ్యడం మరిచిపోయారు” అన్నాడు తీర్పు చెప్పిన పెద్దాయన. హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఏడాదిగా జెర్రీ చెవిలో కాపురం ఉంటోంది.

ఈసారి సొంత గిటార్ కొనాలని స్త్రీల సమాజం తీర్మానించింది. వండే ప్రతి పూటా ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం దేవుడి పేరున పక్కన పెట్టడం అక్కడి ఆడవాళ్ళ ఆనవాయితీ. ఏడాది బియ్యం అమ్మితే వచ్చింది మూడు వేలు. అదిప్పుడు సమాజం పెద్ద పాపమ్మ రొంటిన భద్రంగా ఉంది. వాయించడం తెలిసినవాడని జెర్రీని, సరుకు చూడడం తెలిసినదని జాయ్‌ని వెంటబెట్టుకుని ఆమె పొద్దున్నే బస్సెక్కింది.

“ఎందుకొద్దు?” అన్నాడు జెర్రీ.

“మెడ దగ్గర అతుకుంది.”

“నాకు కనపడనేదే.”

“రంగు సూసేవోడికి అతుకు కనపడదు.”

కొట్టు యజమాని తాతారావు నవ్వాడు. “అమ్మాయీ, ఇది వైజాగ్ ఆర్కెస్ట్రాలో మోగిన సరుకు.”

జాయ్ బొటనవేలి గోటిని గిటార్ మెడ వెనక మెల్లగా పైకి నడిపించింది. తల దగ్గరకు వచ్చేసరికి గోరు టక్కున ఆగింది.

“రోజంతా నా ఏళ్ళ కిందనుంచి ఎల్లేది జీడిపప్పే కదా. ఇరగనిది గుండు. రెండుగా సీలితే బద్ద. ముక్కలైతే నూక. రెండు బద్దలు అతికించి గుండు అని అమ్మీసేవోళ్ళని సానామందిని సూసినాను.”

జెర్రీకి పౌరుషం వచ్చింది. లావు తీగను బిగించాడు. ఒక చుట్టు. రెండో చుట్టు. గిటార్ మెడ కిర్రుమంది.

తాతారావు నవ్వడం మానేశాడు.

రోడ్డు మీదికి రాగానే జెర్రీ విరుచుకుపడ్డాడు. “కొట్టంతా ఇంటన్నారు. నా పరువు తీసీసినావు.”

“నీ పరువు అతకడానికి పది రూపాయల బంక సాలు. గిటార్‌కి సాలదు.”

“ఇంతకీ నన్నే గ్రేడులో ఏత్తావు?”

జాయ్ అతన్ని తల నుంచి చెప్పుల దాకా నిదానంగా చూసింది. “ఇప్పటికైతే నూక.”

“నూకైతే ఏటే? ఉప్మాకి పనికొత్తాది” అంది పాపమ్మ.

వెనక నుంచి తాతారావు కేకేశాడు. పట్టుబడిన సిగ్గుతోనో, వదిలించుకుందామనో, ఒక కబురు చెప్పాడు. “బారువలో కూర్మారావు దగ్గర ఇంకోటుంది. ముగ్గుర్ని పంపినాను. ముగ్గురూ పారిపోయొచ్చినారు. మీరెల్లండి.”

*

సోంపేట మీదుగా వెళ్ళే బారువ బస్సులో జాయ్ కిటికీ పక్కన కూర్చుంది. జెర్రీ ఈ చివర. ఇద్దరి మధ్యా పాపమ్మ పొలం గట్టులా కూర్చుంది. వాన కిటికీ మీద కొడుతుంటే జాయ్ వేలితో అద్దం మీది ఆవిరి తుడిచి కొబ్బరితోటలు చూస్తోంది. జెర్రీ గట్టు మీదుగా తొంగి జాయ్‌ని చూస్తున్నాడు.

“తోటలు అటున్నాయి బాబూ” అంది పాపమ్మ కళ్ళు తెరవకుండానే.

కూర్మారావు ఒకప్పుడు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. ఇప్పుడు ఎండుచేపల వ్యాపారం. సముద్రం ఒడ్డున తాటాకు పాక కింద పడవ నిలబెట్టి ఉంది. పాక వాసానికి వేలాడుతోంది గిటార్.

దాన్ని చూడగానే జెర్రీ ప్రాణం ఉసూరుమంది. తారు డబ్బాలో ముంచి తీసినట్టుంది. నున్నగా, నల్లగా, ఎక్కడా రంగన్నది లేకుండా.

“దీనికేటి పట్టిందండీ?”

“మా అయ్య పట్టినాడు” అన్నాడు కూర్మారావు. “పడవకి జీడి పిక్కల నూనె పూసినప్పుడు కుండలో మిగిలిపోయింది. ఉప్పుగాలికి సెక్క పాడవదురా అని దీనికీ పూసీసినాడు. ఆరేళ్ళయింది. ఇంకోటి కూడా సెప్పాల. సౌండు రాదు. తీగల కిందుండే కాయిలు పోయింది. అబద్ధమాడి అమ్మడం నాకు రాదు.”

జెర్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఉద్దానంలో పుట్టినవాడికి జీడి నూనె గురించి ఒకరు చెప్పక్కర్లేదు. పచ్చి నూనె తగిలితే రెండో రోజుకి చర్మం పొక్కి ఊడుతుంది. బాస్ గిటార్ వాయించేవాడి ముంజేయి గంటల తరబడి చెక్కకే ఆని ఉండాలి. శనివారానికి ఐదు రోజులుంది. చెయ్యి పొక్కితే పోటీ లేదు. పోటీ లేకపోతే ఈ ఏడాది కూడా అదే నవ్వు.

“పిన్నీ, ఎర్రదే నయం. పోదాం పద.”

“కొంచెం ఆగు బ్రదర్” అంది జాయ్. కూర్మారావు వైపు తిరిగింది. “బాబాయ్, కిరసనాయిలూ తెల్లగుడ్డా ఉంటే ఇయ్యండి.”

గుడ్డను తడిపి చెక్క మీద గట్టిగా రుద్దింది. ముందు. వెనక. మెడ పొడవునా. తర్వాత గుడ్డ విప్పి వాన వెలుగులో పట్టుకుంది. దుమ్ము తప్ప గోధుమ మరక లేదు.

“పచ్చిదైతే గుడ్డకి అంటాది. ఇది ఎండిపోయి రాయైపోనాది. పనిలో సేరిన కొత్తలో పిక్కలు కొట్టినాను నాను. రెండు సేతులూ పొక్కినాయి. ఏది కరుత్తాదో, ఏది కరవదో నా సేతులకి తెలుసు.”

“తప్పయితే?”

జాయ్ గాజులు వెనక్కి తోసి ముంజేతిని గిటార్ మీద ఆనించింది. కదపకుండా అలాగే ఉంచింది. “తప్పయితే ముందు నా సెయ్యే పొక్కుతాది.”

జెర్రీ ఆ చేతిని చూశాడు. తర్వాత చొక్కా చెయ్యి మడిచి, తన ముంజేతిని ఆమె చేతి పక్కన పెట్టాడు. మధ్యలో రెండంగుళాల ఖాళీ. సముద్రం హోరు పెరిగినట్టనిపించింది. అతనికొక్కడికే కావచ్చు.

“సౌండు రాదన్నాడు కదేటి. ఇనకుండా కొనీత్తావా?” అంది పాపమ్మ.

జెర్రీ పలాసలో మోటార్లకు కాయిళ్ళు చుట్టే షాపులో మెకానిక్. పెళ్ళికి వెళ్ళినా సంచిలో మీటరు ఉంటుంది. దాన్ని తీసి కాయిలుకు పెట్టాడు. ముల్లు కదలలేదు. కాయిలు తెగింది నిజమే. అయితే చెక్క మాటేమిటి? ఆంప్లిఫయరు లేకుండా వినడానికి ఒక దారుంది. గిటార్ చెక్క అంచును పడవ పలకకు గట్టిగా ఆనించి లావు తీగను లాగి వదిలాడు.

పడవ మోగింది.

చిన్నగా కాదు. పొట్ట లోంచి, అడుగు పలకల్లోంచి, నిండుగా. కూర్మారావు కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడ్డాడు. జాయ్ అవతలి పక్కకు పరిగెత్తి పడవకు చెంప ఆనించింది.

జెర్రీ ఒక్కో మెట్టూ వాయించుకుంటూ పోయాడు. ఎక్కడా గరగర లేదు. ఎక్కడా జీర లేదు. మెడ తాడుకొట్టినంత తిన్నగా ఉంది. పడవకు ఇటు అతను, అటు ఆమె. మధ్యలో ఆ స్వరం.

“ఎలగుంది?” అని అరిచాడు.

“నేలలాగుంది” అంది జాయ్. బ్రదర్ అనడం మరిచిపోయింది.

కూర్మారావు కళ్ళు తుడుచుకుని, అడుగుదామనుకున్న ధర తనే తగ్గించాడు. మిగిలిన డబ్బుతో తిరుగు దారిలో తాతారావు కొట్టులోనే పాత స్పీకరు పెట్టె కొన్నారు. ఈసారి జాయ్ గోరు చూడగానే తాతారావు దాని లోపాలన్నీ తనే చెప్పేశాడు.

*

కాయిలు చుట్టడం మోటారు చుట్టినట్టు కాదని జెర్రీకి మర్నాడే అర్థమైంది. పాత రేడియోలోంచి విప్పిన తీగ, తలవెంట్రుక మందం. ఎనిమిది వేల చుట్ల పైమాటే. గట్టిగా ఊపిరి వదిలితే తెగుతోంది. మూడుసార్లు తెగింది. నాలుగోసారికి లెక్క తప్పింది.

సాయంత్రం డ్యూటీ దిగిన జాయ్ పాపమ్మను వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. “నువ్వు తిప్పు. లెక్క నాను సూత్తాను.”

జెర్రీ పిడి తిప్పుతున్నాడు. జాయ్ పైకి లెక్కపెడుతోంది. పాపమ్మ స్టూలు మీద కునుకుతోంది. లేదా కునుకుతున్నట్టుంది.

“మూడు వేల తొమ్మిదొందల ఎనభై...”

“జాయ్, ఒక మాట.”

ఆమె తల అడ్డంగా ఊపింది. మాట్లాడితే లెక్క పోతుంది. అప్పుడు తట్టింది జెర్రీకి. ఇంతకన్నా మంచి సమయం జన్మలో దొరకదు.

“నువ్వు మద్దిలో ఆపలేవు కాబట్టి సెప్పీత్తన్నాను. నిరుడు ఆ హాల్లో అందరూ నవ్వినారు. నువ్వొక్కదానివే నవ్వనేదు. ఆ రోజు నుంచి నువ్వంటే నాకిష్టం. నీ నోటంట బ్రదర్ అంటే సెవిలో సీసం పోసినట్టుంటాది. అంతే.”

“నాలుగు వేల ఒకటి” అంది జాయ్. “నాలుగు వేల రెండు.”

గొంతు ఒక్కటే మారింది. అంకెలు మారలేదు. చెవులు మాత్రం జీడిపండంత ఎర్రబడ్డాయి. చివరి చుట్టు దాకా లెక్కపెట్టి, కాగితం మీద అంకె వేసి, పాపమ్మను లేపి, జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయింది.

ముల్లు కదిలింది. కాయిలు బతికింది. జెర్రీ ప్రాణమే మధ్యలో ఆగిపోయింది.

పాత తీగలకు పట్టిన జిడ్డు వదలడానికి మరిగే నీళ్ళలో వెయ్యాలి. పాపమ్మ అన్నం గిన్నె పొయ్యి మీద పెట్టింది. “ఉప్పేటైనా ఎయ్యాలా?” అని అడిగింది. రోజూ పొద్దున్నే జెర్రీ ముంజేతినీ జాయ్ ముంజేతినీ చూడటానికి సమాజం ఆడవాళ్ళు వచ్చేవారు. రెండో రోజు పొక్కు లేదు. మూడో రోజూ లేదు. నాలుగో రోజు తిమోతి మేష్టారు స్వయంగా వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, జెర్రీ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి వెళ్ళాడు.

*

శనివారం. టెక్కలి. హాలు కిటకిటలాడుతోంది. నల్లటి గిటార్ చూసి ముందు వరసలో ఎవడో, “పడవేసుకొచ్చినారేటి?” అన్నాడు. నవ్వు మొదలైంది. నిరుటి నవ్వే.

జెర్రీ ముంజేతిని చెక్క మీద ఆనించి మొదటి స్వరం వదిలాడు.

ఆ నవ్వు ఆగిపోయింది. కుర్చీల కాళ్ళ కిందనుంచి లేచింది స్వరం. దాని మీద జాయ్ గొంతు, దాని మీద పన్నెండు గొంతులు, ఇటుక మీద ఇటుక. రెండో చరణం వచ్చింది. జాయ్ వెనక్కి తిరిగి జెర్రీని చూసింది. ఒక్క క్షణం. రెండో చరణం దాటిపోయింది. పాట ముగిసేసరికి వెనక వరసల్లోని వాళ్ళు లేచి నిలబడి ఉన్నారు.

తీర్పు చెప్పింది అదే పెద్దాయన. ఈసారి ఆయన వేదిక దిగి వచ్చి గిటార్‌ను తట్టి చూశాడు. “నేల గట్టిగా వేశారు. మొదటి బహుమతి అక్కుపల్లికి” అన్నాడు.

పాపమ్మ షీల్డును గుండెకు హత్తుకుని, “ఇది మా బియ్యం” అని కనపడ్డవాళ్ళందరికీ చెబుతోంది.

బయట జల్లు పడుతోంది. వరండాలో తిమోతి మేష్టారు జెర్రీని పక్కకు పిలిచాడు.

“నిన్న మా అమ్మాయిని అడిగాను. ఆ కుర్రాడు ఏ గ్రేడమ్మా అని.”

జెర్రీ గిటార్ బెల్టు గట్టిగా పట్టుకున్నాడు. “నూక అందాండీ?”

“గోరు పెట్టి సూసినాను నాన్నా, ఎక్కడా ఆగనేదు, గుండే అంది.” మేష్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “సరుకు చూడటంలో అది ఇంతవరకూ పొరపాటు పడలేదు. రేపు ఆరాధన అయ్యాక మీ అమ్మనీ నాన్ననీ మా ఇంటికి తీసుకురా.”

జెర్రీ తిరిగి చూసేసరికి జాయ్ మెట్ల మీద నిలబడి ఉంది. వాన చూస్తున్నట్టు నటిస్తోంది.

“లెక్క అయిపోయి నాలుగు రోజులైంది. నాను సెప్పినదానికి జవాబేది?” అన్నాడు.

“గిటార్ తడిసిపోతన్నాది. ముందు దాన్ని వేన్‌లో ఎట్టు.” నాలుగు మెట్లు దిగి, వెనక్కి తిరక్కుండానే కలిపింది. “బావా.”

వేనులో పాపమ్మ అందరికన్నా ముందే ఎక్కింది. అలవాటుగా మధ్య సీట్లో కూర్చోబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, షీల్డుతో సహా కిటికీ పక్కకు జరిగింది.

నల్లటి గిటార్ ఇద్దరి ఒళ్ళోనూ పడుకుని అక్కుపల్లి దాకా వచ్చింది.