పిలుపు లేని రాక

వర్క్‌షాపు మెట్ల మీద సుధీంద్ర పక్కన కూర్చుని హైమ పదమూడో నిమిషం గడుపుతోంది. ఇంకా ఏడు నిమిషాలున్నాయి. అతని ముంజేతి మీది మనోకంకణంలో అంకె డెబ్బై నాలుగు నుంచి అరవై ఒకటికి దిగింది. దానికి హైమ పెద్దగా చేసిందేమీ లేదు. వేరుశనగకాయలు ఒలిచి అతని చేతిలో పెడుతూ మధ్యమధ్య "ఊఁ" అంది. తోడు వెళ్లడంలో ఆమెకు కాలేజీ అంతటా మంచి పేరు.

విజయనగరం అవతల, కొండల కింద ఉన్న ఆ కాలేజీలో ప్రతి విద్యార్థి చేతికీ కంకణం ఉంటుంది. నాడి, నిద్ర, మాట తీరు, మౌనం అన్నీ చదివి అది మనిషి ఒంటరితనానికి ఒక అంకె కడుతుంది. అంకె డెబ్బై దాటిందా, దగ్గర్లో ఖాళీగా ఉన్నవాళ్ల కంకణం జివ్వుమంటుంది. దాన్నే పిలుపు అంటారు. పిలుపు అందినవాళ్లు వెళ్లి ఇరవై నిమిషాలు పక్కన కూర్చోవాలి. తమ సంగతులు మాత్రం ఎత్తకూడదు. పన్నెండేళ్ల కిందట ఒక విద్యార్థి హాస్టల్లో నాలుగు రోజులు జ్వరంతో మూలుగుతూ పడి ఉంటే పక్కగదిలో కూడా తెలియలేదు. ఆ సిగ్గుతోనే క్షేమాధికారి విశాలాక్షి గారు ఈ ఏర్పాటు చేశారు. మంచి ఏర్పాటే. ఆనాటి నుంచి అక్కడ ఒంటరిగా ఏడ్చినవాళ్లు లేరు.

పద్నాలుగో నిమిషంలో హైమ చెవిపోగులో ఫలితం వినిపించింది. "ఇంజనీరింగ్ గణితం, మూడో పేపరు. నలభై ఒకటి. పాస్."

మూడుసార్లు తప్పిన పేపరు! నలభై వస్తే చాలు, పైన ఒకటి కొసరు కూడా వచ్చింది. అరిచేద్దామని నోరు తెరిచి, నియమం గుర్తొచ్చి, అందులో ఒక వేరుశనగ గింజ వేసుకుంది.

"ఏమైంది?" అన్నాడు సుధీంద్ర.

"ఏం లేదు. నువ్వు చెప్పు, మీ అన్నయ్య ఏమన్నాడు?"

మిగిలిన ఆరు నిమిషాలూ ఆమెకు ఆరు యుగాలయ్యాయి.

ఇంటికి ఫోన్ చేద్దామా అంటే కుదరదు. ఇంట్లోవాళ్ల లెక్కలో హైమ ఈ పేపరు రెండేళ్ల కిందటే పాసయింది. ఆ శుభవార్త చెప్పింది కూడా హైమే. అందుకని, తన క్లాసే అయిన జహీదా గదికి పరుగున వెళ్లి తలుపు కొట్టింది.

తలుపు తీసిన జహీదా ముఖం పాలిపోయింది. గబగబా తన కంకణం చూసుకుంది.

"ఇరవై ఆరే చూపిస్తోంది కదా! నాకేమైందే? నిజం చెప్పు."

"నీకేం కాలేదు. నేనే వచ్చాను."

"పిలుపు లేకుండానా?"

"ఊరికే వచ్చానే బాబూ!"

"ఊరికే ఎవరొస్తారు హైమా? మా ఇంటినుంచి ఏమైనా కబురొచ్చిందా? మా నాన్న బాగానే ఉన్నారా?"

ఆమెను తప్పు పట్టలేం. ఆ కాలేజీలో మనిషి గడప తొక్కాడంటే ఏదో కష్టం కనిపెట్టి వచ్చినట్టే. హైమ సర్దిచెప్పేకొద్దీ జహీదా అనుమానం ముదిరింది. అంకె నలభై అయింది, యాభై ఎనిమిది అయింది, డెబ్బై మూడు దగ్గర ఆగింది. రెండు నిమిషాల్లో మెట్ల మీద చెప్పుల చప్పుడు. పిలుపు అందిన ఇద్దరమ్మాయిలు వచ్చి జహీదా చెరో చెయ్యీ పట్టుకుని, "నువ్వు కాస్త బయట ఉండు, పాపం తనకి గాలి ఆడాలి" అని హైమను పంపేశారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది.

ఇక విశాలాక్షి గారే దిక్కనుకుని ఆఫీసుకు బయల్దేరితే, ఆవిడే వరండాలో ఎదురొచ్చారు.

"మేడమ్, నా దగ్గరికి ఎవరినైనా పంపుతారా?"

ఆవిడ కంగారుగా హైమ చెయ్యి అందుకుని చూశారు. "పదకొండు! కాలేజీ మొత్తానికి నీదే తక్కువ కదమ్మా. ఏమైనా కష్టమా తల్లీ?"

"కష్టం కాదు మేడమ్..."

"హమ్మయ్య! అంతకంటే ఏం కావాలి?" ఆవిడ మనసారా సంతోషించి హైమ బుగ్గ తట్టారు. "ఎవరో జహీదా అట, ఉన్నట్టుండి డెబ్బై దాటింది. చూసొస్తానమ్మా." అని పరుగులాంటి నడకతో వెళ్లిపోయారు.

హైమ నీళ్ల ట్యాంకు వెనక గట్టు మీద కూలబడింది. ఎదురుగా పచ్చికలో కలివిడి గంట నడుస్తోంది. డెబ్బై దాటినవాళ్లందరినీ జట్లుగా కూర్చోబెట్టి మట్టిబొమ్మలు చేయిస్తున్నారు. ఆమె పేరు ఏ జట్టులోనూ లేదు. చూస్తూ చూస్తూ ఉండగా ఆ నలభై ఒకటి ఆమెకే చిన్నదైపోయింది. నాలుగోసారికి పాసవడం కూడా ఒక గొప్పేనా అనిపించింది. అలా అనిపించినందుకు ఏడుపొచ్చింది. కంకణం ముప్పై, యాభై అంటూ ఎక్కి డెబ్బై ఒకటి చూపించింది.

కాసేపటికి ఒకమ్మాయి తడి బట్టల బకెట్టుతో సహా వచ్చి నిలబడింది. మోచేతుల దాకా సబ్బు నురగ.

"అక్కా, నాను పైడితల్లిని. సివిల్ మొదటేడు. నాకిదే మొదటి పిలుపు, తప్పయితే ఏటనుకోకు." బకెట్టు దించి పక్కన కూర్చుని, శిక్షణలో నేర్పిన వాక్యం అప్పజెప్పింది. "మీ బాధ ఏదైనా నాతో పంచుకోవచ్చు."

"లెక్కల పేపరు..."

"పోయిందేటి?"

"పాసయ్యాను."

శిక్షణలో దీనికి జవాబు నేర్పలేదు. "మరెందుకేడుస్తన్నావక్కా?"

"చెప్పుకోడానికి ఎవరూ దొరక్క."

"ఎన్నొచ్చాయేటి?"

"నలభై ఒకటి."

"ఓలమ్మో! ఒకటి ఎక్కువే!"

అంతే. హైమకు ఏడుపులోనే నవ్వొచ్చింది. మూడుసార్లు ఎలా తప్పిందో, చివరి ప్రశ్న ఎలా గట్టెక్కించిందో మొత్తం చెప్పింది. చెబుతూ ఉండగానే ఆమెకు ఒక సంగతి తట్టింది. రెండేళ్లలో తను నూట పన్నెండు మందికి తోడు కూర్చుంది. ఎవరికి ఎవరితో తగువో, ఎవరికి ఏ కల వస్తే మెలకువ వచ్చేస్తుందో తనకు తెలుసు. వాళ్లలో ఒక్కరు కూడా దేనికి సంతోషిస్తారో తెలియదు. ఇన్నాళ్లూ అది తెలుసుకోవాలని తోచనందుకు ఆమెకు బాధేసింది.

"పైడితల్లీ, నీకు ఈమధ్య ఏదైనా మంచి జరిగిందా?"

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. "మన సంగతులు ఎత్తకూడదన్నారు కదక్కా."

"నేనే అడుగుతున్నాగా."

"మాయమ్మ గాలిబండి నేర్సుకుంది." నేలకు జానెడెత్తున తేలుతూ పోయే ఆ బండి ఎక్కడానికి కుర్రకారే జంకుతారు. పైడితల్లి ముఖం విప్పారింది. "యాభై రెండేళ్లక్కా మాయమ్మకి! రెండుసార్లు పడింది. అయినా ఇడిసిపెట్టనేదు. సంతకి ఒక్కర్తీ ఎల్లొచ్చింది."

"అబ్బ! ఎప్పుడు?"

"నెల్లాళ్లయింది." పైడితల్లి చేతి నురగ లంగాకి తుడుచుకుంది. "ఎవులికీ సెప్పనేదు. నా అంకె ఎప్పుడూ డెబ్బై దాటనేదు కదా."