వారమంతా పొడి వాతావరణం

"గొడుగు కడ్డీ విరిగింది," అందామె.

"ఎన్నో కడ్డీ?"

"వాన కొట్టే వైపుది."

రిపేరు షాపు గుమాస్తా కళ్లజోడు సర్దుకుని, వేలాడుతున్న గొడుగుల వెనక తలుపు తీశాడు. ఆ తలుపు అవతల సీక్రెట్ సర్వీస్ ఉందని వీధిలో పిట్టకు కూడా తెలియదు. ఇంట్లోవాళ్ల దృష్టిలో ఆమె గొడుగులమ్ముకునే మనిషి. సర్వీసులో మాత్రం ఆమెను మొండి అంటారు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మరి.

"పోయిన వారం వాతావరణ కేంద్రంలో ముసలి అబ్జర్వర్‌ని లారీ గుద్దింది," అన్నాడు చీఫ్. "యాక్సిడెంట్ కాదు. ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు."

"ఎవరి పని?"

"పరాయి దేశపు ముఠాది. రేపు రాత్రి మన రేవులో ఆయుధాలు దించబోతున్నారు. వాళ్లకి అడ్డం కోస్ట్ గార్డు. నువ్వే వాళ్లయితే ఆ గార్డుని ఎలా తప్పిస్తావు?"

"సముద్రంలో వేరే పని కల్పిస్తాను."

"వాళ్లూ అదే చేస్తున్నారు. రేపు సాయంత్రం గాలి మారుతుంది. రాత్రికి కుండపోత, ఎల్లుండి నుంచి ఎముకలు కొరికే చలి. కానీ మధ్యాహ్నం రేడియో బులెటిన్‌లో వారమంతా పొడి వాతావరణమని చెప్పిస్తారు. మూడొందల పడవలు బయల్దేరతాయి. అవి మునుగుతుంటే గార్డు మొత్తం అటు పరిగెడుతుంది. ఇటు రేవు ఖాళీ."

ఆ మూడొందలలో ఒకటి ఆమె బావది. అక్క మొగుడు, నోటి దురుసు, మనసు వెన్న.

"ముసలాయన కుర్చీలో మన మనిషినే పెట్టాను. ఆర్నెల్ల ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉంది. వాడికి నువ్వెవరో తెలియదు, తెలియనివ్వకు. ఆ ఆఫీసులో ముఠా మనిషెవరో కనిపెట్టు. రంగులేసే మనిషిలా వెళ్లు. ఇదిగో, బ్రష్ పిడిలో కెమెరా. డబ్బా మూతలో ట్రాన్స్‌మిటర్."

"డబ్బాలో?"

"రంగు. నిజమైన రంగే."

మర్నాడు పొద్దున్న చలికాలమని మరిచిపోయేంత హాయిగా ఉంది. మొండి తలకు గుడ్డ కట్టుకుని, థర్మామీటర్లుండే చెక్కపెట్టెకు తెల్ల రంగు వేస్తోంది. ఎనిమిదిన్నరకు కొత్త అబ్జర్వర్ వచ్చాడు. సినిమా హీరోలా ఉన్నాడు, నీలం కోటు, మెరిసే బూట్లు. మనిషి కన్నా సెంటు వాసన ముందొచ్చింది. మనసులో సెంటు బాబు అని పేరు పెట్టేసింది.

"ఏమ్మా, ఇంత అందమైన చేతులకి ఈ పనేంటి?"

"కడుపు నింపేది అందం కాదు కదా బాబూ," అందామె.

అతను నవ్వి పెట్టె తలుపు తీశాడు. ముఖం గాజుకి ఆనించినంత పని చేసి, తాపీగా చదివాడు. "ఇరవై రెండు... పాయింటు... నాలుగు. కాదు, ఐదు."

మొండి చేతిలో బ్రష్ ఆగిపోయింది.

ఆమె తల్లి ముప్ఫై ఏళ్లు అబ్జర్వర్‌గా చేసింది. చిన్నప్పుడు పెన్సిల్‌తో వేళ్ల మీద కొట్టి మరీ నేర్పింది. ముందు పాయింటు తర్వాతి అంకె చదవాలే, డిగ్రీలు ఎక్కడికీ పారిపోవు, నీ ఊపిరి తగిలితే ముందు కదిలేది ఆ చిన్న అంకే అని. ఆర్నెల్ల ట్రైనింగ్ కాదు, ఆరు రోజులు చేసినవాడు కూడా ముందు డిగ్రీలు చదవడు.

కిటికీ చట్రానికి రంగు వేసే వంకతో ఆమె ఆఫీసు గదిలోకి తొంగి చూసింది. బారోమీటర్‌లో పాదరసం పెద్ద వాన ముందులా బాగా కిందికి దిగింది. పక్కనున్న రిజిస్టరులో మాత్రం నిన్నటి అంకే, గుంజకు కట్టేసినట్టు కదలకుండా ఉంది. బ్రష్ పిడి క్లిక్‌మంది.

"వాడే సార్," అంది డబ్బా మూతలోకి. "మీరు పెట్టిన మనిషే. డబుల్ ఏజెంట్."

కాసేపు గరగర. "మంచిదే. వాణ్ణి ముట్టుకోకు. బులెటిన్ వెళ్లనీ."

"ఏంటి సార్?"

"బులెటిన్ మారితే ఆయుధాల ఓడ వెనక్కి పోతుంది. ముఠా మొత్తం చేతికి చిక్కే ఛాన్సిది. దేశం పెద్దది మొండీ."

"ఆ దేశంలో మా బావ కూడా ఉన్నాడు సార్."

"ఇది ఆర్డర్!"

"వినపడట్లేదు సార్. మూత మీద రంగు పడింది." అంటూనే మూతని రంగులో ముంచేసింది. ఒళ్లు మండిపోయింది ఆమెకి. మనుషుల్ని ఎర వేసి చేపల్ని పట్టే దేశసేవ ఆమెకు అక్కర్లేదు.

గేటు దగ్గర ఫోన్ నుంచి రేవుకి చేసింది.

"బావా, ఇవాళ పడవ తియ్యకు. రాత్రికి వాన."

అవతల పెద్ద నవ్వు. "గొడుగులమ్మేదానివి, వాన రాదని ఎందుకంటావు మరదలా! రేడియో చెప్పనీ, వింటా."

పన్నెండుకి రెండు నిమిషాలు. కేంద్రంలోనే ఉన్న రేడియో స్టూడియో గది ముందు సెంటు బాబు నిలబడి ఉన్నాడు. కోటు కింద చిన్న పిస్తోలు. అద్దం అవతల ముసలి అనౌన్సర్, కాగితం సర్దుకుంటున్నాడు.

"పెయింటరమ్మా, రంగు అయిపోలేదా?" అన్నాడు సెంటు బాబు.

"ఒక తలుపు మిగిలింది," అంటూ డబ్బా అతని ముఖాన విసిరింది. అతను కుడిచేత్తో కళ్లు తుడుచుకునే లోపు లోపల దూరింది. అతను తలుపు తోసుకుని వచ్చి పిస్తోలు ఎత్తాడు.

సరిగ్గా అప్పుడు ఎర్రదీపం వెలిగింది.

మైకు లైవ్. ఇప్పుడు పేలితే మూడొందల పడవలూ వింటాయి. అతని వేలు ట్రిగ్గర్ మీదే బిగుసుకుపోయింది. అనౌన్సర్ చేతిలో కాగితం మొండి లాక్కుంది. ఒకసారి ఆమెని, ఒకసారి పిస్తోలుని చూసిన ముసలాయన మైకు ఆమె వైపు తోశాడు.

"ప్రాంతీయ వాతావరణ సూచన," అందామె. "సాయంత్రం దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. నమ్మకండి. ఆ తర్వాత గాలి దిశ మారుతుంది. రాత్రికి భారీ వర్షం, రేపటి నుంచి తీవ్రమైన చలి. పడవలు కదలకూడదు. ఒక్కటి కూడా."

సెంటు బాబు వెనక్కి అడుగేశాడు. పరుగు.

"స్థానిక సూచన. నీలం కోటు, ముఖం నిండా తెల్ల రంగు ఉన్న ఒక పెద్దమనిషి వాతావరణ కేంద్రం వెనక గేటు నుంచి రేవు వైపు కదులుతున్నాడు. ముసలి అబ్జర్వర్‌ని లారీతో గుద్దించినవాళ్ల మనిషి. చేతిలో పిస్తోలు. పోలీసులకు చెప్పండి."

పావుగంటలో పట్టుకున్నారు. పోలీసులు కాదు, వల ఉన్నవాళ్లు.

ఓడ మాత్రం వెనక్కి పోలేదు. పదకొండున్నరకే సెంటు బాబు "పని అయిపోయింది" అని సిగ్నల్ పంపేశాడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మన భాషలో వచ్చిన బులెటిన్ ఓడలో ఎవరికీ అర్థం కాలేదు. రాత్రి గాలికి ఓడ ఇసుకమేటలో కూరుకుపోయింది. వేరే పనేమీ లేని కోస్ట్ గార్డు తీరిగ్గా వెళ్లి ముఠానీ, ఆయుధాలనీ దింపుకొచ్చింది.

ఆర్డర్ ధిక్కరించినందుకు వారం సస్పెన్షన్ అన్నాడు చీఫ్. "పడవలు రేవు దాటలేదు, ఓడా చిక్కింది. రెండు వారాలు చేసుకోండి సార్," అంది మొండి.

సామాన్లు సర్దుకుంటుంటే వానలో ముద్దగా తడిసి, చలికి పళ్లు టకటకలాడిస్తూ బావ షాపు మెట్లెక్కాడు.

"రేడియోలో ఎవరో తల్లి చెప్పింది మరదలా. లేకపోతే మీ అక్క..." అని ఆగాడు. కళ్లు తుడుచుకుని, ఆమెనే చూశాడు. "గొంతు అచ్చం నీదే. ఒకటే తేడా."

"ఏంటి బావా?"

"ఆవిడ మాట నమ్మబుద్ధేసింది."

మొండి ఒక గొడుగు తీసి అతని చేతిలో పెట్టింది.